కూల్చిన పల్లెల ముక్కలతో కట్టిన తోట

ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

చండీగఢ్‌లో రాక్ గార్డెన్ అని ఒకటుంది. రీల్స్‌లో చాలామంది చూసే ఉంటారు. పగిలిన గాజులతో చేసిన బొమ్మలు, విరిగిన కప్పులతో కట్టిన గోడలు, సన్నటి దారులు, జలపాతాలు. "చెత్తతో అద్భుతం" అని రాస్తారు దాని కింద. అద్భుతమే, కాదనం. కానీ అంత చెత్త అక్కడికి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. అందులో మొదటి భాగం కూల్చేసిన పల్లెల నుంచి వచ్చింది. మనం ఈ చరిత్ర చదవాల్సింది అందుకే.

1947లో దేశం చీలినప్పుడు పంజాబ్ రాజధాని లాహోర్ పాకిస్తాన్‌కి పోయింది. ఇటువైపు పంజాబ్‌కి కొత్త రాజధాని కావాలి. శివాలిక్ కొండల కింద మైదానంలో చోటు చూశారు. 1951లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్ట్‌ని యూరప్ నుంచి పిలిపించారు. ఆయన సెక్టార్లు గీశాడు, నిలువు రోడ్లు, అడ్డం రోడ్లు, పెద్ద పెద్ద కాంక్రీటు భవనాలు. పుస్తకాల్లో దీన్ని "ఖాళీ నేల మీద కట్టిన ఆధునిక నగరం" అన్నట్టు చెప్తారు. ఆ నేల ఖాళీగా లేదు. అక్కడ పొలాలున్నాయి, మామిడి తోటలున్నాయి, 20కి పైగా పల్లెలున్నాయి. వాటిని లేపేశారు. "ఖాళీ నేల", "బంజరు", "నిర్జన ప్రాంతం" లాంటి మాటలు ఎలాంటి కాగితాల్లో కనిపిస్తాయో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ నగరం కట్టేచోట పీడబ్ల్యూడీలో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసేవాడు నేక్ చంద్. 1924లో పుట్టాడు. ఆయన ఊరు షకర్‌గఢ్ వైపు, అది పాకిస్తాన్‌లోకి పోయింది. అంటే తన ఊరు పోగొట్టుకొని వచ్చిన మనిషి, ఇంకొకళ్ల ఊళ్లు కూలుతుంటే ఆ పనిలోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన మనసులో ఏముందో మనం చెప్పలేం, కానీ చేసిన పని మాత్రం కళ్లెదుటే ఉంది. కూల్చినచోట పడి ఉన్న ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. పగిలిన కుండలు, పింగాణీ, పెంకులు, గాజులు. కొండవాగుల నుంచి వింత ఆకారాల రాళ్లు. అన్నీ సైకిల్ మీదే తెచ్చేవాడు. 1957 నుంచి ఇదే పని.

వాటిని పెట్టుకున్న చోటు అటవీ భూమి. సుఖ్నా సరస్సు దగ్గర ఒక లోయ, అక్కడ ఏమీ కట్టకూడదని రూల్. పగలు ఉద్యోగం, సాయంత్రం నుంచి ఈ పని. వెలుతురు కోసం పాత టైర్లు కాల్చేవాడని చెప్తారు. ఇలా సుమారు 18 ఏళ్లు సర్కారు కంట పడకుండా నడిపాడు. 1970లలో అధికారులు చూసేసరికి అక్కడ దాదాపు 12 ఎకరాల్లో బొమ్మలు, అంగణాలు, దారులు ఉన్నాయి.

చట్టం ప్రకారం కూల్చాలి. కూల్చాలన్న మాట కూడా వచ్చింది. కానీ చూడ్డానికి వచ్చిన జనం ఆయన వైపు నిలబడ్డారు. 1976లో దాన్ని అధికారికంగా ప్రజల తోటగా తెరిచారు. నేక్ చంద్‌కి "సబ్ డివిజనల్ ఇంజనీర్, రాక్ గార్డెన్" అని కొత్త పోస్టు, జీతం, 50 మంది పనివాళ్లు. నగరమంతా విరిగిన సామాను సేకరించే కేంద్రాలు పెట్టారు. 1983లో తపాలా బిళ్ల, 1984లో పద్మశ్రీ.

ఇక్కడ మన గ్రూపులో కొందరికి కడుపు మండుతుంది, మాక్కూడా మండింది. తరాలుగా సాగుచేసుకున్న పోడులో కొమ్మ నరికితే మనోళ్ల మీద కేసు. ఆయన 12 ఎకరాలు ఆక్రమిస్తే ఉద్యోగం. తేడా నేక్ చంద్‌లో లేదు, చూసేవాళ్ల కళ్లలో ఉంది. ఆయన కట్టింది "కళ" లాగా కనిపించింది. మనోళ్ల సాగు ఆక్రమణలాగే కనిపించింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా ఆ చూపుకి కాగితం మీద కూడా విరుగుడు లేదు.

సరే, ఇప్పుడు పని సంగతి. మాకు అన్నిటికన్నా నచ్చింది ఆయన సామాను ఎంచుకున్న తీరు. బొమ్మ లోపల ఎముకల్లాగా పాత సైకిల్ ఫ్రేములు, ఇనుప కడ్డీలు. మీద సిమెంటు, ఇసుక. ఆఖరి పూత పచ్చిగా ఉండగానే గాజు ముక్కలు, కప్పుల ముక్కలు గుచ్చడం. కొలిమి దగ్గర పారేసే చిట్టెం, మంగలి షాపుల జుట్టు, వాడేసిన ట్యూబ్‌లైట్లు, కరెంటు ఫ్యూజుల పింగాణీ, అన్నీ వాడాడు. తారు డబ్బాలు వరసగా నిలబెడితే గోడ. వానకి తడిసి గట్టిపడిన సిమెంటు బస్తాలు ఎవరికీ పనికిరావు కదా, ఆయనకి అవే బండరాళ్లు.

ఆరుబయట కట్టేదానికి ఇందులో తెలివి ఉంది. పింగాణీ, గాజు ఎండకి వెలిసిపోవు, వానకి కుళ్లవు, చెద పట్టదు. రంగు వేస్తే ప్రతి ఏడూ మళ్లీ వేయాలి, వీటికి ఆ ఖర్చు లేదు. బలహీనత కూడా ఉంది: సిమెంటుకి బీట పడి నీళ్లు లోపలికి పోతే ఇనుముకి తుప్పు పట్టి బొమ్మ పగులుతుంది. అందుకే చూసుకునేవాళ్లు ఎప్పుడూ ఉండాలి. 1996లో ఆయన విదేశాలకి వెళ్లినప్పుడు నిధులు ఆపేశారు, కొందరు దూరి బొమ్మలు పగలగొట్టారు. అంతకుముందు 1990 దగ్గర్లో రోడ్డు కోసం బుల్డోజర్లు వస్తే నగర జనం చేయీ చేయీ పట్టుకుని అడ్డం నిలబడ్డారు.

నిజానికి వాడిన సామానుతో కట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మన ఊళ్లలో పాత ఇల్లు విప్పితే గుంజలు, దూలాలు, వాసాలు, తలుపులు, పెంకులు కొత్తింటికి పోతాయి. గోడ మట్టిని కూడా నానబెట్టి తొక్కి మళ్లీ గోడ పెడతారు. ఇప్పుడు దీన్నే కాలేజీల్లో "సుస్థిర నిర్మాణం" అని పాఠం చెప్తున్నారు. 2016లో కేంద్రం కూల్చివేత వ్యర్థాలకి ప్రత్యేకంగా నిబంధనలు కూడా తెచ్చింది. మా అమ్మమ్మలకి ఆ నిబంధనలు చదివి వినిపిస్తే నవ్వుతారు.

మరి ఈ చరిత్ర మనకెందుకు అంటే, పోలవరం కింద కోయ, కొండరెడ్డి ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. ఇల్లు, పొలం, చెట్ల లెక్క అందరూ మాట్లాడతారు. ఊరి ఉమ్మడి జాగా గురించి తక్కువ మాట్లాడతారు. చింతచెట్టు కింద బండ, పండక్కి ఆడే చోటు, పెద్దలు కూర్చునే అరుగు. ఇవి ఏ ఒక్కరి పట్టాలోనూ ఉండవు కాబట్టి లెక్కలోకి రావు అనుకుంటాం. కానీ 2013 భూసేకరణ చట్టం షెడ్యూళ్లు తీసి చదవండి. రెండో షెడ్యూల్‌లో కుటుంబానికి రవాణా ఖర్చు 50,000 రూపాయలు. అది మనుషులకి, సామానుకి, పశువులకే కాదు, ఇంటి నిర్మాణ సామగ్రి తరలించుకోడానికి కూడా అని స్పష్టంగా ఉంది. మూడో షెడ్యూల్‌లో పిల్లల ఆటస్థలం ఉంది, ప్రతి 50 కుటుంబాలకి జనం కూడేందుకు చెట్టు కింద అరుగు ఉంది, ఆదివాసీ సంప్రదాయ సంస్థలకి విడిగా స్థలం ఉంది. చాలా కాలనీల మీటింగుల్లో ఇళ్ల డిజైన్ గురించే గొడవ అవుతుంది, ఈ అరుగు గురించి అడిగేవాళ్లుండరు.

ఆ అరుగు కొత్త సిమెంటు ఇటుకలతోనే కట్టాలని ఎక్కడా లేదు. పాత ఊరి బండలతో కట్టొచ్చు. పగిలిన పెంకులు దారి కింద పరుపుగా పోయొచ్చు. రోళ్లు, తిరగళ్లు అంచులో పొదగొచ్చు. జాగ్రత్తలు ఉన్నాయి. సున్నంతో కట్టిన గోడ ఇటుకలు శుభ్రంగా విడివడతాయి, సిమెంటుతో కట్టినవి విప్పితే ఎక్కువ విరిగిపోతాయి, వాటిని ముక్కలుగానే వాడాలి. ఆస్‌బెస్టాస్ రేకులు మాత్రం పగలగొట్టొద్దు, తేవొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. పిల్లలు తిరిగేచోట గాజు అంచులు సిమెంటులోకి పూర్తిగా దిగాలి.

ఒక్క మాట మొహమాటం లేకుండా చెప్పాలి. అరుగు కట్టుకున్నంత మాత్రాన మునిగిన ఊరు తిరిగిరాదు. రాక్ గార్డెన్‌కి టికెట్ కొని వెళ్లేవాళ్లకి ఆ 20 పల్లెల పేర్లు తెలియవు. నేక్ చంద్ ముక్కలు దాచాడు, ఏ ముక్క ఏ ఊరిదో రాయలేదు. ఆయన 2015లో చనిపోయాడు, ఇక అడగడానికి కూడా లేదు. పక్కనే ఉన్న లె కార్బూజియే భవనాలు 2016లో యునెస్కో జాబితాకెక్కాయి, తోట ఎక్కలేదు. 2025లో హైకోర్టు వైపు రోడ్డు, పార్కింగ్ కోసం తోట గోడలో కొంత పడగొట్టారు.

కాబట్టి తరలింపు జాబితాలో మీ ఊరుంటే ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. ఉమ్మడి జాగాల్లో ఏ బండ ఎక్కడుంది, ఎవరు వేయించారు, దాని మీద కూర్చుని ఏం మాట్లాడేవాళ్లు, పెద్దలని అడిగి రాయండి. ఫోటో తీయండి. విప్పిన గుంజల మీద, బండల మీద ఊరి పేరు, ఇంటి పేరు చెక్కించండి. పెయింటుతో రాస్తే రెండు వానలకి పోతుంది.