ఈసీఐఎల్: దేశీయ ఎలక్ట్రానిక్స్ రూపకల్పన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

భారత అణుశక్తి శాఖ అధీనంలో 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్), దేశంలో ఎలక్ట్రానిక్ పరికరాల రూపకల్పనకు, ఉత్పత్తికి పునాది వేసిన సంస్థల్లో ఒకటి. ఈ సంస్థ తయారుచేసిన కంప్యూటర్లు, టెలివిజన్లు విపణిలో ఎక్కువకాలం నిలవలేదు. రియాక్టర్ల నియంత్రణ వ్యవస్థలు, ఓటింగ్ యంత్రాలు, భారీ యాంటెన్నాలు నిలిచాయి. నైపుణ్యం ఒకే మూలం నుంచి వచ్చినా ఫలితాలు వేరుకావడానికి గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వావలంబన అన్న భావనను రూపకర్త వైపు నుంచే కాక కొనుగోలుదారు వైపు నుంచి కూడా చూడవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఈసీఐఎల్, ఏ.ఎస్. రావు, భాభా కమిటీ, టి.డి.సి. కంప్యూటర్లు, సైట్ ప్రయోగం, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం, స్వావలంబన.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు సాంకేతిక చరిత్రను సాధారణంగా 1990వ దశకం నుంచి చెప్పడం పరిపాటి. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ ఆ కథనానికి తొలి అధ్యాయం. అయితే నగరానికి పడమట మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ భవనాలు లేవడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే, ఈశాన్యాన కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతంలో కంప్యూటర్లు తయారయ్యాయి. నేడు సిటీ బస్సుల మీద గమ్యంగా కనిపించే ఈసీఐఎల్ పేరు, దాని పక్కనే ఉన్న ఏ.ఎస్. రావు నగర్ పేరు ఆ చరిత్రకు మిగిలిన గుర్తులు. పేర్లు వాడుకలో నిలిచాయి కానీ వాటి వెనుక ఉన్న చరిత్ర తెలుగులో తగినంతగా చర్చకు రాలేదు.

ఈ లోపం స్థానిక చరిత్రకు మాత్రమే పరిమితమైనది కాదు. ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తిని దేశంలోనే చేపట్టాలన్న ఆలోచన నేడు మళ్లీ విధానపరమైన చర్చల్లో కేంద్రస్థానాన్ని పొందింది. అటువంటి ప్రయత్నం గతంలో జరిగిందనీ, అందులో కొంత ఫలించి కొంత విఫలమైందనీ గుర్తించకుండా సాగే చర్చ అసంపూర్ణమవుతుంది.

2. ట్రాంబే నుంచి హైదరాబాదుకు

ఈసీఐఎల్ మూలాలు అణుశక్తి పరిశోధనలో ఉన్నాయి. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం ఆరంభించిన 'అప్సర' దేశంలో తొలి పరిశోధక రియాక్టర్. దానికి ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం భారతీయ ఇంజనీర్లే రూపొందించారు. ఈ కృషికి నాయకత్వం వహించినవారు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించి, ఆపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అభ్యసించారు. తిరిగివచ్చి హోమీ భాభా బృందంలో చేరారు.

రియాక్టర్‌కు ఎలక్ట్రానిక్స్ అవసరం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఈ చరిత్రకంతటికీ కీలకం. రియాక్టర్ లోపల న్యూట్రాన్ల సంఖ్యను క్షణక్షణం కొలవాలి. అది పరిమితి దాటితే నియంత్రణ కడ్డీలు వెంటనే దిగేలా చూడాలి. కొలిచే పరికరం ఒకసారి తప్పు చెప్పినా ఫలితం తీవ్రంగా ఉంటుంది. కాబట్టి ఈ రంగంలో ఇంజనీరుకు అలవడే మొదటి విలువ విశ్వసనీయత. ధర, రూపం, వేగం ఆ తర్వాతివి. ట్రాంబేలో ఈ శిక్షణ పొందిన బృందమే తరువాత ఈసీఐఎల్‌కు బీజమైంది.

1962 చైనా యుద్ధం తర్వాత రక్షణ అవసరాల దృష్ట్యా ఎలక్ట్రానిక్స్‌లో దేశం ఎంతగా ఇతరులపై ఆధారపడి ఉందో స్పష్టమైంది. 1963 ఆగస్టులో భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏ.ఎస్. రావు ఇతర సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు కావడం గమనార్హం. భగవంతం అంతకుముందే ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా మరణించారు. కమిటీ నివేదిక అదే సంవత్సరం వెలువడింది. ఎలక్ట్రానిక్ పరికరాలను దేశంలోనే రూపొందించి తయారుచేయగల సామర్థ్యాన్ని పెంపొందించాలన్నది దాని సారాంశం.

1967 ఏప్రిల్ 11న ఈసీఐఎల్ ఏర్పడింది. అప్పటికే హైదరాబాదు పరిసరాల్లో భారీ విద్యుత్ పరికరాలు, ఔషధాలు తయారుచేసే ప్రభుత్వరంగ సంస్థలు ఉన్నాయి. ప్రాంతీయ పరిశోధనాలయం, రక్షణ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయం కూడా ఉన్నాయి. కొద్దికాలానికే అణు ఇంధన సముదాయం సైతం ఇక్కడికి వచ్చింది. ఈ వాతావరణంలో ఏ.ఎస్. రావు నాయకత్వాన సంస్థ ఎదిగింది.

3. కంప్యూటర్ల అనుభవం

1969లో 'ట్రాంబే డిజిటల్ కంప్యూటర్-12' (టి.డి.సి.-12) వెలువడింది. 12 బిట్ల పదంతో పనిచేసే ఈ యంత్రం ప్రయోగశాలల్లో, నియంత్రణ వ్యవస్థల్లో వచ్చే కొలతలను అప్పటికప్పుడే స్వీకరించి లెక్కించడానికి ఉద్దేశించినది. ఆ తర్వాత 1974లో టి.డి.సి.-312, 1975లో 16 బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి. విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు వీటికి ప్రధాన వినియోగదారులు. ఆనాటి విద్యార్థుల్లో పలువురికి కంప్యూటర్‌తో తొలి పరిచయం ఈ యంత్రాల ద్వారానే కలిగింది.

ఈ దశలో ఈసీఐఎల్‌కు ప్రభుత్వ రక్షణ లభించింది. 1970లో కేంద్రంలో ఎలక్ట్రానిక్స్ శాఖ, 1971లో ఎలక్ట్రానిక్స్ కమిషన్ ఏర్పడ్డాయి. విదేశీ యంత్రాల దిగుమతిని నియంత్రిస్తూ దేశీయ తయారీని ప్రోత్సహించడం నాటి విధానం. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (1973) ప్రకారం విదేశీ వాటాను తగ్గించుకోవడానికి అంగీకరించని ఐ.బి.ఎం. 1978లో దేశాన్ని వీడింది. పైకి చూస్తే దేశీయ సంస్థకు ఇంతకంటె అనుకూల పరిస్థితి ఉండదు.

అయితే జరిగింది వేరు. 1970వ దశకం ద్వితీయార్ధంలో ప్రైవేటు సంస్థలకు కూడా చిన్న కంప్యూటర్ల తయారీకి అనుమతి లభించింది. డి.సి.ఎం. డేటా ప్రొడక్ట్స్, హెచ్.సి.ఎల్. వంటి సంస్థలు రంగంలోకి దిగాయి. అదే కాలంలో మైక్రోప్రాసెసర్ వచ్చింది. దానితో కంప్యూటర్ రూపకల్పన స్వభావమే మారిపోయింది. అంతవరకు అంకగణిత భాగాన్ని, నియంత్రణ భాగాన్ని విడివిడి సర్క్యూట్లతో నిర్మించడమే రూపకర్త ప్రతిభ. మైక్రోప్రాసెసర్ ఆ పనినంతా ఒక చిప్‌లోకి కుదించింది. చిప్‌ను దిగుమతి చేసుకుని, తక్కువ ధరకు, త్వరగా యంత్రాన్ని అమర్చి అమ్మగలవారికి ఆధిక్యం లభించింది. పదేళ్లు శ్రమించి ఈసీఐఎల్ సంపాదించిన నైపుణ్యం పనికిరానిది కాలేదు కానీ, విపణిలో దాని విలువ పడిపోయింది.

ఇక్కడ రెండు అంశాలను వేరుచేసి చూడాలి. దేశీయ రూపకల్పన జరిగిందన్నది నిజం. అయితే చిప్‌లు దేశంలో తయారుకానంతకాలం ఆ రూపకల్పన కింది అంతస్తు ఇతరుల చేతిలోనే ఉండిపోయింది. రక్షణ విధానం దిగుమతి యంత్రాన్ని ఆపగలిగింది కానీ సాంకేతికతలోని తరాల మార్పును ఆపలేకపోయింది.

4. టెలివిజన్: పల్లెకు చేరిన పరికరం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సహాయంతో భారతదేశం 'సైట్' అనే ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగాన్ని నిర్వహించింది. ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలను దీనికి ఎంపిక చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. వాటికి తెలుగులో కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా అందుకునే గ్రామీణ రిసీవర్లను అహమ్మదాబాదులోని అంతరిక్ష కేంద్రం రూపొందించగా, వాటిని ఈసీఐఎల్ తయారుచేసింది. తీగజాలీతో చేసిన గొడుగు ఆకారపు యాంటెన్నా, టెలివిజన్ పెట్టె పాఠశాల లేదా పంచాయతీ కార్యాలయం ముందు కొలువుతీరాయి. విద్యుత్ హెచ్చుతగ్గులు, దుమ్ము, ఎండ వంటివాటిని తట్టుకోవడం వీటికి తప్పనిసరి. రియాక్టర్ పనిలో అలవడిన విశ్వసనీయతా దృష్టి ఇక్కడ పల్లె అవసరానికి అక్కరకొచ్చింది.

ఇళ్లకు అమ్మిన 'ఈసీ టీవీ' కథ భిన్నంగా సాగింది. నలుపు-తెలుపు ప్రసారాల కాలంలో అది ఎన్నో ఇళ్లలో ఆదరణ పొందింది. 1982లో ఆసియా క్రీడల సందర్భంగా వర్ణప్రసారాలు మొదలై, విదేశీ విడిభాగాల కిట్లను దిగుమతి చేసుకుని టీవీలు అమర్చే పద్ధతి విస్తరించింది. అనేక ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. ప్రకటనలు, వాయిదా పద్ధతులు, దుకాణాల వ్యవస్థ విక్రయాన్ని నిర్ణయించసాగాయి. క్రమంగా ఈసీ టీవీ విపణి నుంచి తప్పుకుంది. గ్రామానికి రిసీవర్ సమకూర్చింది ప్రభుత్వం. ఇంటికి టీవీ కొన్నది కుటుంబం. ఈ రెండు కొనుగోళ్ల ప్రమాణాలు ఒకటి కావు.

5. ఓటింగ్ యంత్రం: రూపకల్పన ముందు, చట్టం వెనుక

1977లో ఎన్నికల సంఘం ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఓట్లు నమోదుచేసే పరికరాన్ని రూపొందించే పనిని ఈసీఐఎల్‌కు అప్పగించింది. 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధుల ముందు దాన్ని ప్రదర్శించారు. తరువాత తయారీలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ కూడా భాగస్వామి అయింది. అధికారి వద్ద కంట్రోల్ యూనిట్, ఓటరు ముందు బ్యాలెట్ యూనిట్, వాటిని కలిపే తీగ, కరెంటు లేని ఊళ్లోనూ పనిచేసేందుకు బ్యాటరీ - యంత్ర నిర్మాణం స్థూలంగా ఇదే. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో పదహారు మంది అభ్యర్థులకు చోటుంటుంది.

1982 మే నెలలో కేరళలోని పరవూర్ శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి యంత్రాలను వాడారు. సిపిఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఓడిన కాంగ్రెసు అభ్యర్థి ఏ.సి. జోస్ వివాదాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లారు. 1984 మార్చి 5న సుప్రీంకోర్టు, చట్టం కాగితపు బ్యాలెట్‌నే పేర్కొన్నందున, చట్టంలో లేని పద్ధతిని ఎన్నికల సంఘం తన అధికారంతో ప్రవేశపెట్టజాలదని తీర్పునిచ్చి, ఆ 50 కేంద్రాల్లో రీపోలింగ్‌కు ఆదేశించింది. అందులో జోస్ గెలిచారు.

ఈ తీర్పు యంత్రం పనితీరును తప్పుపట్టలేదు. యంత్రానికి చట్టంలో స్థానం లేదన్నదే దాని సారం. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 61-ఎ సెక్షన్ చేర్చారు. అది 1989 మార్చి 15 నుంచి అమలులోకి వచ్చింది. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో కలిపి 16 శాసనసభ నియోజకవర్గాల్లో యంత్రాలను వాడారు. 2004 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశమంతటా వాటితోనే పోలింగ్ జరిగింది. నమూనా తయారీకి పట్టింది రెండేళ్లు. ఆ నమూనా దేశవ్యాప్త వాడుకగా మారడానికి పట్టింది పాతికేళ్లు. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో తొలిసారి వాడిన ఓటు ధ్రువీకరణ కాగితపు ముద్రణ యంత్రం, ఆ తర్వాతి న్యాయవివాదాలు ఒక విషయాన్ని స్పష్టం చేస్తాయి. ఇంజనీరు దృష్టిలో విశ్వసనీయత ఒక కొలత. పౌరుడి దృష్టిలో అది తాను స్వయంగా సరిచూసుకోగల హక్కు. ఈ రెండింటి నడుమ దూరాన్ని సర్క్యూట్ ఒక్కటే పూడ్చలేదు.

6. నిలిచిన రంగాలు

1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత కెనడా అణు సహకారాన్ని ఉపసంహరించుకుంది. రాజస్థాన్ రెండో రియాక్టర్‌ను భారతీయులే పూర్తిచేయవలసి వచ్చింది. 1983లో కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం దేశీయ కృషితో మొదలైంది. అణువిద్యుత్ కేంద్రాల నియంత్రణ, కొలత వ్యవస్థలు ఈసీఐఎల్‌కు శాశ్వత కార్యరంగమయ్యాయి. ఇక్కడ బయటి నుంచి కొనే మార్గం మూసుకుపోయింది. దేశీయ రూపకర్త తప్ప వేరే గతి లేదు.

యాంటెన్నాల రంగంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 2008లో చంద్రయాన్-1 సంకేతాలను అందుకోవడానికి బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో నెలకొల్పిన 32 మీటర్ల యాంటెన్నా నిర్మాణంలో ఈసీఐఎల్‌ది ప్రధాన పాత్ర. లద్దాఖ్‌లోని హాన్లేలో సుమారు 4300 మీటర్ల ఎత్తున నిర్మించి 2024 అక్టోబరులో ప్రారంభించిన 'మేస్' గామా కిరణ దూరదర్శినిని భాభా అణు పరిశోధన కేంద్రం ఈసీఐఎల్ తదితరుల సహకారంతో నిర్మించింది. ఇవి ఒకటి రెండు మాత్రమే తయారయ్యే వస్తువులు. వీటికి దుకాణం ఉండదు. కొనేవాడికీ చేసేవాడికీ మధ్య ఏళ్ల తరబడి సంభాషణ ఉంటుంది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

మొదటిది, ఈసీఐఎల్ విజయాపజయాలను ఇంజనీర్ల ప్రతిభతో మాత్రమే వివరించలేము. విశ్వసనీయతను అన్నిటికంటె మిన్నగా ఎంచి, ఆలస్యాన్ని భరించి, రూపకల్పనలో పాలుపంచుకున్న కొనుగోలుదారు ఉన్నచోట సంస్థ నిలిచింది. ధర, వేగం, ఆకర్షణ నిర్ణయాత్మకమైన చోట వెనుకబడింది.

రెండవది, ఈ వివరణకు పరిమితి కూడా ఉంది. ఓపిక గల కొనుగోలుదారు సంస్థను కాపాడినట్లే, విపణికి తగిన చురుకుదనాన్ని అలవరచుకోవలసిన అవసరం నుంచి దాన్ని తప్పించాడు. అణుశక్తి శాఖ ఒడిలో పెరగడం ఈసీఐఎల్‌కు బలమూ అయింది, బలహీనతా అయింది.

మూడవది, కంప్యూటర్ల ఉదంతం చూపినట్లు, యంత్రం రూపకల్పన మన చేతిలో ఉన్నా దానికి మూలమైన చిప్ మన చేతిలో లేనప్పుడు స్వావలంబన పాక్షికమే. సెమీకండక్టర్ల తయారీ గురించి నేడు సాగుతున్న చర్చకు ఇది అర్ధశతాబ్దం కిందటి అనుభవం అందించే పాఠం.

నాలుగవది, హైదరాబాదు సాంకేతిక చరిత్రను 1998 నుంచి కాక కనీసం 1967 నుంచి రాయవలసి ఉంది. అలా రాసినప్పుడే కుషాయిగూడ కార్ఖానాలో సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టిన చేతులకూ, మాదాపూర్‌లో ప్రోగ్రాములు రాసిన చేతులకూ ఒకే చరిత్రలో చోటు దొరుకుతుంది. సంస్థలో పనిచేసినవారి జ్ఞాపకాలు, అనుబంధ పరిశ్రమల అనుభవాలు, సైట్ గ్రామాల ప్రేక్షకుల స్మృతులు మౌఖిక చరిత్రగా సేకరించదగినవి. ఆ తరం వారు మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి.