సెంట్రల్ కాలేజీ మైదానం

బెంగుళూరులో యూనివర్సిటీ ఆటల చరిత్ర చెప్పుకోవాలంటే సెంట్రల్ కాలేజీ దగ్గర మొదలుపెట్టాలి. 1858లో హైస్కూలుగా పుట్టి, 1875లో సెంట్రల్ కాలేజీ అయింది. మొదట మద్రాసు విశ్వవిద్యాలయం కింద, 1916 నుంచి మైసూరు కింద, 1964 నుంచి బెంగుళూరు విశ్వవిద్యాలయం కింద నడిచింది. చిన్నస్వామి స్టేడియంలో 1974 నవంబరులో మొదటి టెస్టు జరగక ముందు, ఈ ఊళ్ళో పెద్ద క్రికెట్ అంటే ఈ కాలేజీ మైదానమే. మైసూరు జట్టు రంజీ మ్యాచ్‌లు ఇక్కడ ఆడింది.

విశ్వవిద్యాలయాల మధ్య రోహింటన్ బారియా పోటీ 1935-36లో మొదలైంది. తరువాత వచ్చిన జోన్ల పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు. విజ్జీ అంటే మన విజయనగరం రాజకుమారుడే, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టు కెప్టెన్. ఆ ఊరు ఎక్కడుందో తెలియని కుర్రాళ్ళెందరో ఆ పేరున్న కప్పు కోసం చెమటోడ్చారు.

ఈ రాష్ట్రంలో చదువూ ఆటా కలిసే నడిచాయి. 1962లో టెస్టుల్లోకి వచ్చిన ప్రసన్న ఇంజనీరింగు పూర్తిచేయడానికి ఆట పక్కన పెట్టి, 1967లో తిరిగి వచ్చాడు. కుంబ్లే 1990లో టెస్టు ఆడేనాటికి ఇంజనీరింగు విద్యార్థి. ద్రావిడ్ నాలాగే బి.కాం. పోలిక అంతటితో సరి!

2017లో బెంగుళూరు విశ్వవిద్యాలయం మూడు ముక్కలైంది. సెంట్రల్ కాలేజీ ఒక కొత్త విశ్వవిద్యాలయానికి కేంద్రమైంది, ఉత్తర భాగానికి కోలారు కేంద్రమైంది. 2022 ఏప్రిల్‌లో ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు బెంగుళూరులో జరిగాయి. ప్రారంభించినది మన వెంకయ్యనాయుడుగారు. ఆతిథ్యమిచ్చినది జైన్ విశ్వవిద్యాలయం, ప్రైవేటు సంస్థ. పతకాల్లో మొదటి స్థానమూ దానిదే. వారి కృషిని తక్కువ చేయను. కానీ ఒకప్పుడు సర్కారు కాలేజీ మైదానం చేసిన పని ఇప్పుడు ఎవరి చేతికి వెళ్ళిందో గమనించాలి. మా యలహంక దగ్గరే పడుకోణ్, ద్రావిడ్ పేర్లతో చక్కటి క్రీడాకేంద్రం ఉంది. అలాంటి చోట ఫీజు కట్టి నేర్చుకోవాలి. బాగేపల్లి రైతు కొడుకు సంగతేమిటి?

బ్యాంకులో ఆస్తి అప్పుల పట్టీ చూసీ చూసీ నాకు ఒకటి తెలిసింది. ఖాళీ స్థలం రాబడి చూపదు గనుక, భవనం కట్టాలనే ఆలోచన ముందు దాని మీదికే పోతుంది. మైదానం ఇచ్చే వడ్డీ ఇరవై ఏళ్ళకు గాని కనబడదు. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం మాట్లాడే పిల్లలు వేలమంది ఉన్నారు. వారి విశ్వవిద్యాలయానికి తరగతి గదులతో పాటు మంచి మైదానమూ కావాలి. కాలేజీలో చేర్పించేటప్పుడు ఫీజు ఎంత అని అడిగే మనం, ఆడుకోవడానికి చోటెంత అని కూడా అడుగుదాం. అడిగేవారుంటే ఆ స్థలం మిగులుతుంది.