విషవాయువు మధ్యలో రాసిన నోట్‌బుక్

రెండు నెలలుగా వీడియోలు ఎందుకు లేవని అడుగుతున్నారు కదా, చెప్తా. బందరులో మా ఇంటి బాత్రూంలో గ్యాస్ గీజరు ఉండేది. వాన జల్లు లోపలికి కొడుతోందని కిటికీ మూసేసి స్నానానికి వెళ్లా. కళ్లు తిరిగి పడిపోయా. అమ్మ పక్కింటివాళ్లతో తలుపు పగలగొట్టించి బయటికి లాగించింది. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

"రోజూ ఎలా ఉందో రాస్తూ ఉండు బాబూ, కొందరికి వారాల తర్వాత మతిమరుపు, నడకలో తేడా వస్తాయి" అన్నారు డాక్టరుగారు. గుర్తుంటుందిలే, రాయడమెందుకు అనుకున్నా. మంచం మీద ఖాళీగా ఉండి ఈ గ్యాసు చరిత్ర చదివేదాకా.

1895లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీన్ని కావాలనే పీల్చాడు. చూపు మసకబారడం, కాళ్లు నిలవకపోవడం, అన్నీ నోట్ చేయించుకున్నాడు. గనుల్లోకి చిన్న పిట్టల్ని తీసుకెళ్లండి, మనకంటే ముందు అవి పడిపోతాయి అని చెప్పిందీ ఆయనే. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ కూడా శాస్త్రవేత్తే. 1957లో మన దేశానికి వచ్చేశాడు, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. చనిపోయాక శరీరాన్ని ఎవరికి ఇమ్మన్నాడో తెలుసా? మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి!

సరే, అసలు విషయం. 1897 మే నెల, ఐల్ ఆఫ్ మాన్ దీవిలో స్నేఫెల్ గని. లోపల కొయ్య తగలబడి ఈ గ్యాసు నిండింది, 20 మంది పోయారు. తర్వాత పరిశీలనకి దిగిన ఇన్‌స్పెక్టర్ క్లెమెంట్ లె నీవ్ ఫాస్టర్‌కీ అది ఎక్కేసింది. ఇక చావే అనుకుని నోట్‌బుక్ తీసి భార్యాపిల్లలకు వీడ్కోలు రాశాడు. రాసిందే మళ్లీ మళ్లీ రాశాడు. నొప్పేమీ లేదు, కలలా ఉంది అని కూడా రాశాడు. అదృష్టం, బతికాడు.

నాకు అక్కడ భయం వేసింది. తేడాని పట్టుకోవాల్సిన బుర్రే కదా ముందు దెబ్బతినేది! ఆ రాత్రే నోట్‌బుక్ మొదలెట్టా. తలనొప్పి ఎంత, నిద్ర ఎంత, ఏం మర్చిపోయా.

19వ రోజు పేజీలో "అమ్మ మందులు తెచ్చింది" అని మూడుసార్లు ఉంది. నేను ఒక్కసారి రాసినట్టే గుర్తు. పేజీ ఫోటో తీసి వాట్సాప్ చేస్తే డాక్టరుగారు వెంటనే రమ్మన్నారు, మళ్లీ పరీక్షలు, మళ్లీ మందులు.

ఇప్పుడు చాలావరకు పర్లేదు. గీజరుని బయట గోడకి మార్పించాం. ఇవాళ్టి పేజీ ఇంకా రాయలేదు, కెమెరా ఆపేసి రాస్తా.