చదివాక ఏం చేయగలరు?

మన అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీల ప్రశ్నపత్రాల్లో మార్కుల గడి పక్కన ఇప్పుడు మరో రెండు గడులు ఉంటున్నాయి. ఒకదానిలో సీఓ3 అనీ, ఇంకోదానిలో ఎల్4 అనీ గుర్తులు. మొదటిది కోర్స్ అవుట్‌కమ్, అంటే ఆ సబ్జెక్టు పూర్తయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో చెప్పే వాక్యం. రెండోది ఆ ప్రశ్న ఏ స్థాయి ఆలోచన అడుగుతోందో చెప్పే అంకె. అక్రెడిటేషన్ కమిటీల కోసం పుట్టిన తతంగమని చాలామంది అధ్యాపకులు వీటిని విసుక్కుంటారు. నిజానికి ఈ ఆలోచన కమిటీల కంటే చాలా పాతది, పరీక్ష గురించి దిగులుపడిన ఉపాధ్యాయుల దగ్గర పెరిగినది.

తొలి విత్తు మాత్రం ఫ్యాక్టరీ నేలలో పడింది. అమెరికాలో ఫ్రాంక్లిన్ బాబిట్ 1918లో ఒకటి, 1924లో ఒకటి రాసిన పుస్తకాల్లో, ఫ్యాక్టరీలో పనిని లెక్కగట్టినట్టే పెద్దవాళ్లు జీవితంలో చేసే పనులన్నీ జాబితా వేసి వాటినే చదువుకు లక్ష్యాలుగా పెట్టాలన్నాడు. కార్ఖానా లెక్కలు మనుషుల చదువుకు సరిపడలేదు, ఆ జాబితాలు కొండవీటి చాంతాళ్లయ్యాయి.

అసలు మలుపు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో వచ్చింది. 1930ల తొలి రోజుల్లో రాల్ఫ్ టైలర్ అక్కడి అధ్యాపకులకు పరీక్షలు తయారుచేయడంలో సాయపడేవాడు. జీవశాస్త్రం వంటి కోర్సుల పరీక్షలు చూస్తే పేర్లు, నిర్వచనాలే అడుగుతున్నాయి. మీ కోర్సు చదివిన విద్యార్థి నిజంగా ఏం చేయగలగాలని మీ కోరిక అని టైలర్ అడిగాడు. ప్రయోగంలో వచ్చిన ఫలితాల నుంచి నిర్ణయానికి రావడం లాంటి జవాబులు వచ్చాయి. అయితే దాన్నే పరీక్షించండి అన్నాడు. ఈ వ్యవహారంలో ఇంతకంటే లోతైన మాట ఆ తర్వాత ఎవరూ చెప్పలేదని నా నమ్మకం. ముప్పై హైస్కూళ్లతో సాగిన ఎనిమిదేళ్ల అధ్యయనంలో మూల్యాంకన బాధ్యత మోసి, 1949లో టైలర్ తన పాఠాలను చిన్న పుస్తకంగా తెచ్చాడు. లక్ష్యం, అభ్యసన అనుభవం, దాని అమరిక, మూల్యాంకనం: ఈ నాలుగే అందులోని ప్రశ్నలు.

ఆయన శిష్యుడు బెంజమిన్ బ్లూమ్ షికాగో విశ్వవిద్యాలయంలో పరీక్షల బాధ్యత చూసేవాడు. 1948లో బోస్టన్‌లో కలిసిన కాలేజీ పరీక్షాధికారులకు ఒక అవసరం ఉంది: ఒకరు తయారుచేసిన ప్రశ్నలు ఇంకొకరు వాడుకోవాలంటే వాటిని వర్గీకరించే ఉమ్మడి భాష కావాలి. ఆ అవసరం నుంచే 1956లో జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అన్న ఆరు మెట్ల వర్గీకరణ వచ్చింది. ప్రశ్నపత్రంలోని ఎల్4 లాంటి గుర్తుల మూలం ఇదే. పుస్తకాన్ని టైలర్‌కే అంకితమిచ్చారు.

మన దేశంలో కూడా దిగులు అదే. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఉపకులపతిగా పనిచేసిన రాధాకృష్ణన్ నాయకత్వంలోని విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, ఒక్క సంస్కరణే సూచించమంటే పరీక్షల సంస్కరణే అడుగుతామని 1949లో చెప్పింది. 1957లో బ్లూమ్ స్వయంగా భారతదేశం వచ్చి మూల్యాంకనంపై వర్క్‌షాపులు నడిపాడు. అయితే ఆ ప్రభావం పాఠశాల విద్య వైపు ప్రవహించింది. తెలుగు మాధ్యమంలో బీఎడ్ చదివినవారికి పాఠ్యపథకంలో రాసిన లక్ష్యాలు, స్పష్టీకరణలు గుర్తుండే ఉంటాయి. డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల గడప ఆ మాటలు తొక్కడానికి దశాబ్దాలు పట్టింది.

ఈలోగా అమెరికాలో రాబర్ట్ మేగర్ 1962లో ఒక నియమం పెట్టాడు. ‘తెలుసుకుంటారు’, ‘అర్థం చేసుకుంటారు’ అని రాయొద్దు, కంటికి కనిపించే పని రాయాలి, ఏ పరిస్థితిలో, ఎంత బాగా చేయాలో కూడా చెప్పాలి. క్రియాపదాల పట్టికలు పట్టుకు తిరిగే అలవాటు ఈ ధోరణి నుంచి బలపడింది. 1967లో ఇలియట్ ఐస్‌నర్, 1975లో లారెన్స్ స్టెన్‌హౌస్ అడ్డుపడ్డారు. మంచి చదువు విద్యార్థిని ఎటు తీసుకెళ్తుందో ముందే చెప్పలేమన్నది స్టెన్‌హౌస్ వాదన. సాహిత్యం చెప్పేవాళ్లకు ఆ మాటలోని నిజం వెంటనే తెలుస్తుంది.

1990లలో ఈ లక్ష్య వాక్యాలకు యజమాని మారాడు. బోధన, పరీక్ష రెండూ ఉద్దేశించిన ఫలితానికే ముడిపడాలని జాన్ బిగ్స్ 1996లో రాసిన మాట ఇంకా ఉపాధ్యాయుడికి చెప్పినదే. కానీ అదే కాలంలో డిగ్రీలను దేశాల మధ్య పోల్చే పని పెద్దదైంది. ఇంజనీరింగ్ డిగ్రీల పరస్పర గుర్తింపుకు 1989లో ఆరు దేశాలు వాషింగ్టన్ ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా గుర్తింపు సంస్థ అబెట్, కాలేజీలో ఏమున్నాయో లెక్కపెట్టడం తగ్గించి, పట్టభద్రుడికి ఏం వచ్చిందో అడిగే పదకొండు అంశాల ప్రమాణాలకు మారింది. 1999లో మొదలైన బొలోన్యా ప్రక్రియ ఐరోపాను అదే దారి పట్టించింది. మన గుర్తింపు సంస్థ ఎన్‌బీఏ 2014లో వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందాక, మొత్తం డిగ్రీకి చెందిన ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు (పీఓలు), వాటికి కోర్స్ అవుట్‌కమ్‌లను జతచేసే సీఓ–పీఓ మ్యాపింగ్ తెలుగు నేల మీది కాలేజీల్లో రోజువారీ మాటలయ్యాయి. సాధారణ డిగ్రీలకు ఆ తర్వాత యూజీసీ అభ్యసన ఫలితాల ఆధారిత పాఠ్యప్రణాళికలు తెచ్చింది.

నేను పనిచేసిన ఒక కాలేజీలో, కమిటీ వారం రోజుల్లో వస్తుందనగా, మూడేళ్ల కోర్సు ఫైళ్లకు మ్యాపింగ్ అంకెలు నింపాం. 3 అంటే గట్టి సంబంధం, 1 అంటే స్వల్పం. ఏ విద్యార్థి ముఖం గుర్తుకు తెచ్చుకోకుండా ఆ అంకెలు వేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. తప్పు మనుషులది మాత్రమే అనలేను. అనుబంధ కాలేజీలో సిలబస్, దాని అవుట్‌కమ్‌లు యూనివర్సిటీ బోర్డు రాస్తుంది, పాఠం ఒకరు చెబుతారు, ఎండ్ సెమిస్టర్ ప్రశ్నపత్రం మరెవరో ఇస్తారు. టైలర్ ఒక్క మనిషిని అడిగిన ప్రశ్న ముగ్గురి మధ్య చీలిపోయింది. సిలబస్‌లో ‘సర్క్యూట్‌ను విశ్లేషించగలరు’ అని ఉంటుంది, పేపర్లో ‘థెవెనిన్ సిద్ధాంతం రాసి నిరూపించుము’ అని వస్తుంది.

ఆ తర్వాత నేను చేరిన అటానమస్ కాలేజీలో ఎలక్ట్రికల్ మేడమ్ ఒకరు సెమిస్టర్ మొదలవకముందే మిడ్ పేపర్ రాసుకునేవారు. ఒక సర్క్యూట్ ఇచ్చి, ఏ పద్ధతిలో సాధిస్తారు, ఎందుకు అని అడిగేవారు. ఆ ప్రశ్న చూసి, దానికి తగ్గట్టు అవుట్‌కమ్ వాక్యాన్ని మార్చి బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టారు. మొదటి ఏడాది సగం మంది ఆ ప్రశ్న వదిలేశారు. రెండో మిడ్‌కి ముందు ఆమె నాలుగు క్లాసులు కేవలం లెక్కలు చేయించడానికే కేటాయించారు. ఆఖరి యూనిట్ పరుగులో చెప్పాల్సి వచ్చింది.