సముద్రపు నత్తలు, నాచు

రాతి తీరాలలో నివసించే పలు సముద్రపు నత్తలు నాచును మేసి జీవిస్తాయి. ఏ నాచు నిలుస్తుందో, ఏది నశిస్తుందో చాలావరకు ఈ మేతపైనే ఆధారపడి ఉంటుంది. ఇందుకు మంచి ఉదాహరణ లిట్టోరినా లిట్టోరియా అనే చిన్న నత్త.

మేత విధానం

ఈ నత్త నోటిలో రాడ్యులా అనే నాలుక వంటి అవయవం ఉంటుంది. దానిపై వరుసలుగా ఉండే సూక్ష్మమైన పళ్ళతో రాతిని గీకి నాచును తింటుంది. మెత్తని ఆకుపచ్చ నాచు దీనికి ప్రీతి. కాండ్రస్ క్రిస్పస్ అనే గట్టి ఎర్ర నాచును సాధారణంగా ముట్టదు.

లుబ్చెంకో ప్రయోగం

అమెరికాలోని న్యూ ఇంగ్లాండు తీరంలో, పోటు తగ్గినపుడు నీరు నిలిచే రాతి గుంటలపై జేన్ లుబ్చెంకో పరిశోధన చేసి 1978లో ఫలితాలను ప్రచురించారు. ఎర్ర నాచు గుంట నుండి నత్తలను తొలగించగా ఆకుపచ్చ నాచు దానిని ఆక్రమించింది. ఆకుపచ్చ నాచు గుంటలో నత్తలను వదలగా ఆ నాచు అంతరించి, ఎర్ర నాచు వృద్ధి చెందింది. నత్తలు మధ్యస్థ సంఖ్యలో ఉన్న గుంటలలోనే అత్యధిక జాతుల నాచు కనిపించింది.

పోటు తగ్గగానే ఆరిపోయే రాళ్ళపై ఫలితం ఇందుకు భిన్నం. అక్కడ ఆకుపచ్చ నాచు పోటీలో బలహీనమైనది. నత్తలు దానినే తినడం వలన జాతుల సంఖ్య తగ్గుతుంది. కనుక మేత వలన వైవిధ్యం పెరుగుతుందా, తరుగుతుందా అనేది నత్త ఇష్టపడే నాచు ఆ చోట బలమైనదా, కాదా అనే దానిపై ఆధారపడి ఉంటుంది.