ముద్రిక: ఢిల్లీ వలయమార్గముపై ఒక బస్సు చరిత్ర

ఢిల్లీ చరిత్ర వ్రాయువారు కోటలను, సమాధులను, రాజభవనములను వర్ణింతురు. వానిలో నివసించినవారు కొందరే. నగరమును నిత్యము నడిపించువారు అనేకులు. ఆ అనేకులు తెల్లవారుజామున ఇల్లు విడిచి పనికి పోవు దారి ఎట్టిదో తెలియవలెనన్న బస్సుల చరిత్రను చూడవలెను. అందుకు ముద్రిక అను బస్సు మార్గము తగిన ఉదాహరణము.

1941లో ఢిల్లీ జనాభా సుమారు 9 లక్షలు. విభజన వలన కాందిశీకులు వచ్చి చేరుటచే 1951 నాటికి అది 17 లక్షలు దాటెను. లజపత్ నగర్, రాజేంద్ర నగర్ వంటి కొత్త పేటలు ఊరి అంచులలో వెలసెను. అంతవరకు గ్వాలియర్ అండ్ నార్దర్న్ ఇండియా ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ నడుపుచుండిన బస్సులు చాలవని 1948 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ఆ పనిని స్వీకరించెను. 1950 చట్టము ననుసరించి ప్రత్యేక సంస్థ ఏర్పడెను; 1958లో అది నగరపాలక సంస్థకు చెందెను; 1971లో మరల కేంద్రము చేతికి వచ్చి ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ అయ్యెను; 1996లో ఢిల్లీ ప్రభుత్వమునకు సంక్రమించెను. యజమానులు పలుమారులు మారిరి. ఊరి అంచున నిలిచి బస్సుకై ఎదురుచూచువాని ప్రశ్న మాత్రము మారలేదు.

ముద్రిక యనగా ఉంగరము. రింగు రోడ్డుపై నగరమును చుట్టివచ్చు బస్సునకు ఈ పేరు తగినది. కాశ్మీరీ గేటు, ఆజాద్‌పూర్ మండీ, పంజాబీ బాగ్, రాజా గార్డెన్, ధౌలా కువా, వైద్య విజ్ఞాన సంస్థ, మూల్‌చంద్, ఆశ్రమ్ మీదుగా ఆ రోడ్డు పోయి యమున వెంట మరల మొదటికి వచ్చును. చుట్టు సుమారు 50 కిలోమీటర్లు. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాలయు నేడు ధౌలా కువా వద్దనే యున్నది.

సాధారణముగా బస్సులు అంచుల నుండి నగరమధ్యమునకు పోవును. అట్టి ఏర్పాటులో ఒక శివారు నుండి మరియొక శివారునకు పోవలసినవాడు నడిమికి వచ్చి బస్సు మారవలెను. ముద్రిక ఆ శ్రమను తప్పించెను. ఊరికి ఇంకను వెలుపల తిరుగు బాహ్య ముద్రిక మరింత దూరపు పేటలను కలిపెను. ఏ బస్సు ఏ దిక్కున తిరుగునో తెలియుటకు దాని పలకపై కూడిక, తీసివేత గుర్తులుండెను. అత్యవసర పరిస్థితి కాలమున, 1975–77 మధ్య, గుడిసెలు కూల్చి పేదలను తరలించిన జహంగీర్‌పురి, మంగోల్‌పురి ఆ బాహ్య వలయము చెంతనే యున్నవి. ఇల్లు దూరమైనను పని దూరము కాకుండుటకు వారికి బస్సే ఆధారము.

అయితే వలయమున బస్సు నడుపుట సులభము కాదు. కొసగల మార్గమున ఆలస్యమైన బస్సు చివరి మజిలీలో విశ్రాంతి తగ్గించుకొని సమయము సరిచేసికొనును. వలయమునకు కొస లేదు. ఒకచోట జరిగిన ఆలస్యము చుట్టంతయు వ్యాపించును. గంటసేపు రాని బస్సులు ఒక్కసారిగా మూడు వచ్చును. దినకూలికి ఆ గంట ఒక పూట పని.

1992లో ప్రైవేటు రెడ్‌లైన్ బస్సులు ప్రవేశించెను. యజమాని రాబడి ఎక్కిన జనముపై ఆధారపడుటచే బస్సులు ఒకదానితో నొకటి పందెము వేసికొనెను. ప్రమాదములు మితిమీరగా వానికి బ్లూలైన్ అని పేరు మార్చిరి. రాబడి పద్ధతి మార్చలేదు. 2007లో ప్రజాగ్రహము పెల్లుబికిన పిమ్మటనే వాని తొలగింపు ఆరంభమయ్యెను. ఈలోగా, 1998 జూలై 28న, నగర బస్సులన్నియు సహజవాయువుతో నడువవలెనని సుప్రీంకోర్టు ఆదేశించెను. 2001 వసంతమున గడువు ముగిసి బస్సులు కరవయ్యెను. నగరపు గాలికి కలిగిన మేలునకు మొదట మూల్యము చెల్లించినవారు సొంత వాహనము లేనివారే.

2012 డిసెంబరు 16 రాత్రి బాహ్య వలయమార్గములోని మునిర్కా వద్ద ఒక యువతి, ఆమె మిత్రుడు అనుమతి లేని ప్రైవేటు బస్సు ఎక్కిరి. ఆ పిమ్మటి ఘోరము దేశమెల్ల ఎరుగును. నేరము నేరస్థులదే. కాని రాత్రివేళ నమ్మదగిన బస్సు లేకుండుట స్త్రీకి ఎంతటి అపాయమో ఆనాడు అందరికిని తెలిసెను. 2019 అక్టోబరు 29న ప్రభుత్వ బస్సులలో స్త్రీలకు గులాబీ రంగు ఉచిత టిక్కెట్టు ఆరంభమయ్యెను. పాచిపనికి పోవు ఇల్లాలికి అది మిగిలిన రొక్కము మాత్రమే కాదు. చార్జీకై ఇంట నెవరినీ అడుగక గడప దాటు స్వేచ్ఛ.

2018లో రింగు రోడ్డు వెంట మెట్రో రైలు కొంతదూరము వచ్చినది. శ్రీ వేంకటేశ్వర కళాశాల సమీపమున నున్న స్టేషనుకు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుంచిరి. ఇది సంతోషింపదగినదే. కాని రైలు చార్జీ భరింపలేనివారు, స్టేషనునకు దూరమున నుండువారు నేటికిని బస్సునే కోరుదురు. ఉంగరము జారిపోగా దుష్యంతుడు శకుంతలను మరచినాడు. బస్సు రానిచోట నగరము తనవారిని అట్లే మరచును. వారిని గుర్తుంచుకొనుటకు శాసనములకంటె ముందు కావలసినది, చెప్పిన వేళకు వచ్చు బస్సు.