పారిశ్రామిక ద్రావణుల ఎంపిక: హెక్సేను ఉదాహరణ

ఒక పదార్థాన్ని తనలో కరిగించుకొని, పని ముగిసిన పిదప ఆవిరైపోయే ద్రవాన్ని శాస్త్ర పరిభాషలో ద్రావణి అంటారు. కర్మాగారాలలో దీనినే సాల్వెంటు అనీ, కొన్నిచోట్ల కేవలం 'కెమికల్' అనీ వ్యవహరిస్తారు. రంగులో కలిపే థిన్నరు, పంక్చరు సొల్యూషన్‌లోని ఘాటైన ద్రవం, గోళ్ళరంగును తుడిచే అసిటోను ఈ కోవకు చెందినవే. హోసూరు పరిసరాల కర్మాగారాలకు, ఆంబూరు, వాణియంబాడి పాదరక్షల పరిశ్రమలకు సరిహద్దు గ్రామాల నుండి యువతీ యువకులు పనికి వెళుతున్నారు. వారి చేతికి అందే ద్రవం ఎటువంటిదో ఇంటివారికి కూడా తెలిసి ఉండాలన్నదే ఈ వ్యాసానికి కారణం.

ద్రావణిని ఎన్నుకొనేటప్పుడు మొదట చూడవలసినది తొలగించవలసిన మలినాన్ని. నూనె, గ్రీజు నీటిలో కరగవు. హెక్సేను వంటి పెట్రోలియం ద్రవాలలో కరుగుతాయి. ఉప్పు, చెమట మరకలు ఇందుకు విరుద్ధం. ఆల్కహాలు ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. చేతికి అంటిన పనసపాలను నూనె రాసి వదిలించే గృహిణికి ఈ సూత్రాన్ని ఎవరూ బోధింపనక్కరలేదు. రెండవది, ఎంత త్వరగా ఆరుతుందన్నది. మూడవది, ఎంత సులభంగా అంటుకొంటుందన్నది. నాల్గవది, శరీరంలో ప్రవేశించి ఏమి చేస్తుందన్నది. మొదటి మూడింటికి సమాధానం పనిలోనే కనబడుతుంది. నాల్గవదానికి నెలలు పడుతుంది. అందువలననే చాలాచోట్ల దానిని అడగరు.

చైనాలోని సుజౌ నగరంలో జరిగినది ఇదే. అక్కడి ఒక కర్మాగారంలో ఫోన్ల తాకుతెరలను ఆల్కహాలుతో తుడిచేవారు. హెక్సేను మరింత వేగంగా ఆరుతుందని 2008-09 కాలంలో దానికి మారారు. హెక్సేను 69 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు సుమారు 82 డిగ్రీల వద్ద. ఆ కొద్ది తేడా వలన పని వేగం పెరిగింది. కొన్ని నెలలకు కార్మికుల కాళ్ళు, చేతులు మొద్దుబారి, నడక తడబడసాగింది. అక్కడ 137 మంది అస్వస్థులైనట్లు ఆపిల్ సంస్థ 2011 నాటి తన నివేదికలో పేర్కొన్నది.

శ్వాసద్వారా, చర్మంద్వారా లోనికి వెళ్ళిన హెక్సేనును కాలేయం 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారుస్తుంది. అది నరాల పొడవాటి పోగులను దెబ్బతీస్తుంది. పాదాలకు పోయే నరాలే అతి పొడవైనవి గనుక బాధ కాలివేళ్ళ వద్ద మొదలవుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం, పనివేళలో పది లక్షల భాగాల గాలిలో ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఆవిరి 400 భాగాల వరకు, హెక్సేను ఆవిరి 50 భాగాల వరకు మాత్రమే ఉండవచ్చును. ఆరు వేగాన్ని చూచినవారు ఈ రెండంకెలను చూచి ఉంటే మార్పునకు సాహసించేవారా?

అట్లని హెక్సేను వర్జ్యపదార్థం కాదు. తవుడు నుండి, చెక్క నుండి నూనె తీసే కర్మాగారాలలో దానినే వాడతారు. అక్కడ అది మూసిన గొట్టాలలో తిరిగి, చల్లబడి, మరల పాత్రకు చేరుతుంది. మనిషి ముఖం ముందు తెరచిన గిన్నెలో ఉండదు. ఇందుకు భిన్నంగా 1960ల నాటి జపానులో ఇండ్లలోనే కూర్చొని వినైలు చెప్పులు అతికించినవారు జిగురులోని హెక్సేను వలన నరాల వ్యాధికి గురయ్యారు. ఇంటికి తెచ్చి చేసే కూలిపని మన ప్రాంతంలోనూ ఉన్నది గనుక ఇది గమనింపదగినది. హెక్సేను ఆవిరి గాలికంటె దాదాపు మూడింతలు బరువు. అది నేలను అంటి పరచుకొంటుంది. కప్పు వద్ద తిరిగే ఫ్యాను దానిని బయటికి లాగదు.

ప్రత్యామ్నాయం వెదకుటలోనూ జాగరూకత అవసరం. ట్రైక్లోరోఎథిలీను సులభంగా అంటుకోదు, గ్రీజును చక్కగా వదిలిస్తుంది. నిప్పు భయం లేదని దానిని చిరకాలం మెచ్చుకొన్నారు. అది మానవులలో క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. హెక్సేనుకు దగ్గరి బంధువైన హెప్టేను నరాలకు చేసే హాని చాలా తక్కువ. నెమ్మదిగా ఆరుతుంది, నిప్పు భయం మాత్రం ఉంటుంది. లోహభాగాలపై నూనెకు వేడినీరు, క్షారపు సబ్బుద్రావణం సరిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. కడిగి ఆరబెట్టకుంటే తుప్పు పడుతుందనే అభ్యంతరం నిజమే. అది యజమాని భరింపవలసిన ఖర్చు.

ప్రతి ద్రావణికి 16 విభాగాల భద్రతా సమాచార పత్రం ఉంటుంది. కార్మికులు దానిని ఎం.ఎస్.డి.ఎస్. అంటారు. అన్నీ చదువనక్కరలేదు. రెండవ విభాగంలో ప్రమాదాలు, మూడవదానిలో అసలు పేర్లు, ఎనిమిదవదానిలో గాలిలో ఉండదగిన పరిమితి, తొడుగులు, తొమ్మిదవదానిలో మరుగుస్థానం, అంటుకొనే ఉష్ణోగ్రత ఉంటాయి. డబ్బాపై వ్యాపారనామం మాత్రమే ఉంటే మూడవ విభాగమే శరణ్యం. పత్రం ఆంగ్లంలో ఉండవచ్చును. ఉన్నత పాఠశాలలో చదివే పిల్లలు ఆ అంకెలను చదివి చెప్పగలరు.

పనికి వెళ్ళే బిడ్డ కాలివేళ్ళు చిమచిమలాడుతున్నవని, మెట్లెక్కలేకున్నానని, చెప్పు జారిపోయినా తెలియడం లేదని చెబితే దానిని అలసటగా త్రోసివేయరాదు. ఆ పని మానిన తరువాత కూడా కొన్ని వారాలపాటు బాధ హెచ్చవచ్చును. కోలుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. వైద్యుడు సాధారణంగా మధుమేహాన్ని, విటమిను లోపాన్ని ముందుగా అనుమానిస్తారు. కనుక వెళ్ళేటప్పుడు డబ్బాపై ఉన్న పేరును కాగితంపై వ్రాసుకొని వెళ్ళాలి. హెక్సేను అని తెలిస్తే నరాల పరీక్షతో పాటు మూత్రంలో 2,5-హెక్సేన్‌డయోన్ పరీక్షకు ఆయన వ్రాయగలరు. పనివారం చివరి దినాన, పని ముగియగానే తీసిన మూత్రంలోనే ఆ పరీక్ష సరిగా తేలుతుంది. సెలవు గడిచిన తరువాత ఇస్తే తక్కువగా కనబడుతుంది.